నిద్రించే ప్రాసెసర్, మేల్కొలిపే టైమర్: లైనక్స్ కెర్నల్‌లో విద్యుత్ పొదుపు

కీలక పదాలు: కెర్నల్, టైమర్, టిక్, అంతరాయం, వాయిదా టైమర్, భావనపాడు.

1. ప్రవేశిక

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వంటి తీరగ్రామాల నుండి వేటకు వెళ్ళే మత్స్యకారులకు, టవర్ సంకేతం అందని దూరంలో సెల్‌ఫోన్ మాట్లాడే సాధనంగా పనికిరాదు. కానీ ఉన్న చోటును అది చూపగలదు. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం పాలుపంచుకోగా 2019లో వచ్చిన ‘జెమినీ’ పరికరం తోడుంటే, ఉపగ్రహం నుండి వచ్చిన తుఫాను హెచ్చరికను బ్లూటూత్ ద్వారా అందుకోగలదు. అయితే ఆ వేళకు ఫోనులో ఛార్జింగ్ మిగిలి ఉండాలి. తెర, జీపీఎస్ వాడుకొనే విద్యుత్తు అందరికీ తెలిసినదే. ఫోను ఊరకే ఉన్నప్పుడు జరిగే వ్యయంలో కెర్నల్ టైమర్ల పాత్ర మాత్రం పైకి కనిపించదు.

2. టిక్ అనే భారం

ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆధారం లైనక్స్ కెర్నల్. తొలినాళ్ళలో అది నియమిత వ్యవధిలో వచ్చే అంతరాయాలతో, అంటే ‘టిక్’లతో, కాలాన్ని లెక్కించేది. సెకనుకు 1000 టిక్‌లుగా అమర్చితే రోజుకు 8 కోట్ల 64 లక్షల సార్లు ప్రాసెసర్ మేల్కోవాలి, చేయవలసిన పని ఉన్నా లేకున్నా. పూర్వపు ఘటికాయంత్రంలో అడుగున రంధ్రమున్న పాత్ర 24 నిమిషాలకొకసారి నీట మునిగేది. మునిగినప్పుడల్లా గంట కొట్టడానికి ఒక మనిషి రాత్రంతా మేల్కొని ఉండవలసిందే. టిక్ పద్ధతిలో ప్రాసెసర్ స్థితి అటువంటిదే.

ప్రాసెసర్‌కు నిద్రలో స్థాయిలున్నాయి. లోతైన స్థాయిలో వ్యయం తక్కువ. కానీ అందులోకి వెళ్ళిరావడానికే కొంత కాలం, కొంత విద్యుత్తు ఖర్చవుతాయి. కనుక మొత్తం నిద్ర ఎంత అన్నదానికంటే అది ఎంతసేపు చెదరకుండా సాగింది అన్నదే ముఖ్యం. 2007లో వెలువడిన 2.6.21 వెర్షన్ ఈ దిశగా పెద్ద మార్పు తెచ్చింది. పని లేనప్పుడు కెర్నల్ తరువాతి టైమర్ ఎప్పుడో చూసి, ఆ క్షణానికి గడియార పరికరాన్ని అమర్చి, టిక్‌ను నిలిపివేస్తుంది.

3. ఎంత ఆలస్యం ఓర్చుకోవచ్చు?

టిక్ ఆగినంత మాత్రాన నిద్ర దక్కలేదు. ప్రాసెసర్‌ను ఎవరు లేపుతున్నారో చూపే ‘పవర్‌టాప్’ను ఇంటెల్ అదే ఏడాది విడుదల చేసింది. చిన్న చిన్న పనులకై పదేపదే మోగే టైమర్లు ఎన్నో బయటపడ్డాయి. వెంటనే 2.6.22లో వాయిదా టైమర్లు వచ్చాయి. ఇవి నిద్రిస్తున్న ప్రాసెసర్‌ను తమకై లేపవు, అది మరో కారణంతో లేచినప్పుడు పని ముగించుకొంటాయి. 2016 నాటి 4.8 వెర్షన్‌లో థామస్ గ్లీక్స్‌నర్ టైమర్ చక్రాన్ని పునర్నిర్మించారు. దాని వెనుక ఉన్న పరిశీలన సరళమైనది: గడువు టైమర్లలో అత్యధికం మోగకముందే రద్దవుతాయి. నెట్‌వర్క్ జవాబు రాగానే దానికై పెట్టిన గడువు అనవసరమవుతుంది. అటువంటివాటికి సూక్ష్మ ఖచ్చితత్వం వృథా. అందుకే దూరపు గడువులను స్థూలమైన అరల్లో ఉంచారు.

ఆండ్రాయిడ్ ఇదే తర్కాన్ని అనువర్తనాల స్థాయిలో పాటించింది. 2013లో 4.4 వెర్షన్ సాధారణ అలారాలను స్థూలం చేసింది, 2015లో 6.0 ‘డోజ్’ను తెచ్చింది.

సముద్రం మీది ఫోనుకు ఇందులో చిక్కొకటి ఉంది. బ్లూటూత్‌లో వచ్చే హెచ్చరిక టైమర్ కాదు, బయటి అంతరాయం. అది నిద్రిస్తున్న ప్రాసెసర్‌ను లేపగలదు. కానీ ఆ హెచ్చరికను కొంతసేపటికి మళ్ళీ మోగించాలని అనువర్తనం స్థూలమైన అలారం పెట్టుకొంటే, వ్యవస్థ దానిని కూడా మామూలు పనులతో పాటే వాయిదా వేస్తుంది. ఖచ్చితమైన అలారం కోరే వీలు ఉంది. ఏది ఆగగలదో, ఏది ఆగరాదో కెర్నల్‌కు తెలియదు. అనువర్తనం రాసినవారే చెప్పాలి.