ఇంటి కుక్కే కదా అంటే...

హైదరాబాద్ బౌద్ధనగర్ సందుల్లో ఈమధ్య ఒక మాట తరచూ చెవిన పడుతోంది. "ఇంట్లో పెంచుకునే కుక్కే కదా, అందులోనూ పిల్ల. దానికి పిచ్చేంటి? సూదులెందుకు?" ఈ మాట నమ్మిన ఓ తల్లి, కుక్కపిల్ల పళ్లు దిగిన కొడుకు ముంజేతి మీద ఇంత పసుపూ కారం అద్ది ట్యూషన్‌కి పంపేసింది. కుక్క యజమానిని టీకా కార్డు అడిగితే, "అమ్మినవాళ్లు అన్నీ వేయించామన్నారు" అన్నాడు. ఏ టీకాలో ఆయనకూ తెలియదు.

అసలు పిల్ల అయితేనే ఎక్కువ జాగ్రత్తపడాలి. రేబిస్ టీకా మొదటిసారి వేసేది మూడు నెలల వయసులో. రెండు నెలల పిల్లకు 'అన్నీ అయిపోయాయి' అన్నారంటే రేబిస్ టీకా ఇంకా పడలేదనే లెక్క. ఆ తర్వాత బూస్టర్, పైన ఏటేటా ఒకటి. 2025లో ఉత్తరప్రదేశ్‌లోని బులంద్‌షహర్‌లో ఓ కబడ్డీ ఆటగాడు మురికికాలువలో పడ్డ కుక్కపిల్లను బయటికి తీస్తే అది వేలు కొరికింది. చిన్న గాటే అని వదిలేశాడు. ఆ జూన్‌లో రేబిస్‌తో చనిపోయాడు.

"మాది గడప దాటదండీ" అంటారు. మరి తెల్లారేసరికి ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కి వచ్చే కుక్కలన్నీ ఎవరివి? గొలుసేమో యజమాని మెడలో దండలా వేలాడుతుంటుంది. కుక్క పొదల్లో క్యాంపస్ కుక్కలతో మూతులు రాసుకుంటుంటుంది. యజమాని ఫోన్ చూసుకుంటుంటాడు.

రేబిస్ వైరస్ లాలాజలంలో ఉంటుంది. గాయంలోంచి నరాల వెంట మెల్లగా మెదడుకు పాకుతుంది. దానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. మనకున్న గడువు అదే. లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. చొంగ కార్చుకుంటూ తిరిగేదే పిచ్చికుక్క అనుకోవడమూ పొరపాటే. లక్షణాలు కనబడటానికి కొన్ని రోజుల ముందు నుంచే లాలాజలంలో వైరస్ ఉంటుంది. అందుకే కరిచిన రోజు కుక్క తోక ఊపుతూ ఉండొచ్చు.

కారం కూరల్లో, సున్నం కిళ్లీలో, కాఫీపొడి కాఫీలో ఉండనివ్వండి. గాయాన్ని కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. ఆ వెంటనే నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికో, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)కో వెళ్లాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం తాతలనాటిది. ఇప్పుడు వేసేది భుజానికి, నాలుగైదు సార్లు. చర్మం తెగి రక్తం వస్తే గాయంలోనే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు.

ఒక్క నమ్మకాన్ని మాత్రం కొట్టిపారేయలేను. పదిరోజుల తర్వాత కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే కరిచిన రోజున దానికి రేబిస్ లేనట్టే. పెద్దవాళ్లు చెప్పే ఈ లెక్క నిజమే. కానీ పదిరోజులు చూసి వెళదాంలే అని కాదు. సూదులు మొదలుపెట్టి కుక్కను గమనించాలి. ఎప్పుడు ఆపాలో డాక్టర్ చెబుతారు.

పెంపుడు జంతువుల గురించిన మిగతా నమ్మకాలకు ఒక్కో మాట చాలు. పిల్లి వల్ల కూడా రేబిస్ వస్తుంది. నల్లకుక్కను పెంచితే శని పోతుందో లేదో గానీ, దాని మలం ఎత్తే పని మాత్రం వస్తుంది. మన దేశపు చిలుకను పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. హస్కీని కొంటే గొప్పే, కాకపోతే హైదరాబాద్ మే ఎండ సంగతి దానికెవరూ చెప్పలేదు.

కుక్కను తెచ్చుకునేది తోడు కోసమో, కాపలాకో, పిల్లలు మారాం చేశారనో కావచ్చు. ఎందుకైనా సరే, జీహెచ్ఎంసీ లైసెన్సు తీసుకోండి. టీకా కార్డు ఫొటో ఫోన్‌లో పెట్టుకోండి. మీ కుక్క పక్కింటి పిల్లాణ్ణి కరిస్తే మీరే వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లండి. సూదులు సర్కారు ఆస్పత్రిలో ఉచితమే కాబట్టి ఆటో డబ్బులైనా మీరు ఇవ్వండి.