నాలుగున్నర మీటర్ల దగ్గర ఆగిన పోలవరం

పాపికొండల ఇరుకులో నలిగి వచ్చిన గోదావరి పోలవరం దగ్గర ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటుంది. కుడిగట్టున రామయ్యపేట దగ్గర స్పిల్‌వే చూస్తే ప్రాజెక్టు అయిపోయిందనే అనుకుంటాం. 48 గేట్లు. ఒక్కోటి 20 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల వెడల్పు. 50 లక్షల క్యూసెక్కుల వరదనైనా కిందికి వదిలేలా కట్టారు. 2021 జూన్‌లో నదిని దాని పాత దారి నుంచి ఇటు మళ్లించారు. ఆ మరుసటేడు భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు, ఆ వరదంతా ఈ గేట్ల గుండానే దిగువకు పోయింది.

అసలు డ్యామ్ మాత్రం ఇది కాదు. అది నది పాత పాయలో, నీటిని తాత్కాలికంగా అడ్డుకునే ఎగువ, దిగువ కాఫర్ డ్యామ్‌ల మధ్య మట్టితో, రాళ్లతో లేవాలి. అక్కడ గట్టి రాయి తగలాలంటే చాలా లోతుకు పోవాలి, పైనంతా ఇసుకే. కట్ట ఎంత బలంగా వేసినా నీరు కిందనుంచి ఊరిపోతుంది. అందుకే ముందు భూమిలో డయాఫ్రమ్ వాల్ కట్టాలి. యంత్రంతో సన్నటి కందకం తవ్వుతూ, అంచులు కూలకుండా అందులో బెంటొనైట్ అనే బంకమట్టి బురద నింపుతారు. రాయి తగిలాక గొట్టం దింపి అడుగు నుంచి కాంక్రీటు పోస్తుంటే బురద పైకి తన్నుకొస్తుంది. ఆ కాంక్రీటులోనూ బెంటొనైట్ కలుపుతారు. కట్ట బరువు పడ్డప్పుడు గోడ పగలకుండా కాస్త సర్దుకోవాలి కదా! ఇలా ఒక్కో ప్యానెల్ చొప్పున గోడ సాగుతుంది. అంతా అయ్యాక చూడటానికి ఏమీ మిగలదు. శంకుస్థాపన ఫొటోలకు ఇంత పనికిరాని కట్టడం మరొకటి ఉండదేమో.

ఆ గోడ 2018లో ఒకసారి కట్టేశారు. కాఫర్ డ్యామ్‌లు పూర్తిగా మూయకముందే 2019, 2020 వరదలు వచ్చాయి. మిగిలిన ఖాళీల్లోంచి నీరు ఉరవడిగా దూకి నదీగర్భాన్ని కోసేసింది. గోడ కొన్నిచోట్ల దెబ్బతింది. ఎవరి హయాంలో తప్పు జరిగిందో, ఆ కాలంలో రాష్ట్రాన్ని ఏలిన రెండు పార్టీలూ రెండు రకాలుగా చెబుతాయి. ఒకే గోడకు రెండుసార్లు బిల్లు పడిందన్నది మాత్రం ఇద్దరూ కాదనలేరు. 2024లో అమెరికా, కెనడాల నుంచి నలుగురు నిపుణులు వచ్చి చూశారు. చివరికి కొత్త గోడే కట్టాలన్న నిర్ణయమై, 2025 జనవరిలో పని మొదలైంది. పొడవు దాదాపు 1.4 కిలోమీటర్లు, మందం మీటరున్నర.

డబ్బు కథ ఇంకా పాతది. ఇక్కడ ఆనకట్ట కట్టాలన్న ఆలోచన మద్రాసు ప్రభుత్వ కాలం నాటిది. ముఖ్యమంత్రిగా అంజయ్య శంకుస్థాపన చేశారు, 2004 తర్వాత ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి కాలువలతో పని కదిలించారు. 2014లో విభజన చట్టం దీన్ని జాతీయ ప్రాజెక్టు చేసింది. ముంపు పేరుతో తెలంగాణ నుంచి ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. 2010-11 ధరల్లో రూ.16,010 కోట్లున్న అంచనా 2017-18 ధరలకు రూ.55,548 కోట్లకు చేరింది. పెరిగినదాంట్లో పెద్ద వాటా కాంక్రీటుది కాదు, 2013 భూసేకరణ చట్టం కింద నిర్వాసితులకు ఇవ్వాల్సినది.

ఏళ్ల తరబడి నడిచిన పద్ధతి ఇది: రాష్ట్రం ముందు ఖర్చు పెట్టాలి, పోలవరం ప్రాజెక్టు అథారిటీ ఆ బిల్లులు చూడాలి, కేంద్ర జలసంఘం సరేననాలి, ఆర్థికశాఖ ఒప్పుకోవాలి, అప్పుడు సొమ్ము తిరిగొస్తుంది. గోదావరి వరద మాత్రం ఏ ఫైలు కోసమూ ఆగదు. ఎట్టకేలకు 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం రూ.30,436.95 కోట్ల అంచనాకు ఆమోదం తెలిపింది. అందులో ఇంకా రావాల్సిన రూ.12,157 కోట్లు ఇస్తామంది. 2025-26 బడ్జెట్‌లో రూ.5,936 కోట్లు చూపింది. మెలిక ఎక్కడంటే, ఈ మంజూరు 41.15 మీటర్ల మట్టం వరకే.

ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. అక్కడ 194.6 టీఎంసీలు నిలుస్తాయి, 41.15 దగ్గర సుమారు 115. స్పిల్‌వేను, గేట్లను పూర్తి ఎత్తుకే కట్టారు కాబట్టి నీటిని కింద ఆపుతున్నది ఇంజనీరింగ్ కాదు, పునరావాసం ఖర్చు. మొత్తం దాదాపు లక్ష కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేయాలి. మొదటి దశలో, అంటే 41.15 మట్టం వరకు, లెక్కకొచ్చినవి దాదాపు 38 వేలు.

కుకునూరు, వేలేరుపాడు ముంపు మండలాల్లో ‘కాంటూరు’ (నేల ఎత్తును చూపే గీత) అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మీది ఏ కాంటూరు అని అడిగితే అంకె చెబుతారు. 2022 వరద ఈ గీతను లెక్కచేయలేదు. మొదటి దశ జాబితాలో లేని ఊళ్లూ మునిగాయి. తర్వాత లేజర్‌తో నేల ఎత్తులు కొలిచే లైడార్ సర్వే చేసి మరికొన్ని ఆవాసాలను కలిపారు. జంగారెడ్డిగూడెం దగ్గర తాడువాయిలో కాలనీ ఇళ్లు వరసగా లేచాయి. అయితే వెదురు, చింతపండు, ఇప్పపువ్వు మీద బతికిన కోయలు, కొండరెడ్లకు ఇల్లొక్కటే సరిపోదు, అడవి కూడా అందుబాటులో ఉండాలి.

డ్యామ్ 2027కల్లా పూర్తి చేస్తామని ప్రభుత్వం గడువు పెట్టుకుంది. గోడకు, గేట్లకు, కాలువలకు తేదీలున్నాయి. 41.15కు పైన, 45.72కు లోపల ఉన్న ఊళ్లకు కూడా ఒక తేదీ, ఒక మొత్తం రాతపూర్వకంగా ప్రకటించాలి. కేంద్రమూ రాష్ట్రమూ కలిసి చేయాల్సిన ఈ పనికి డయాఫ్రమ్ వాల్ పూర్తయ్యేదాకా ఆగాల్సిన అవసరం లేదు.