సైనికుడు వేరే దేశం జైల్లో ఉంటే ఇంట్లో వాళ్ల పరిస్థితేంటి? ఖతార్ కేసు నుంచి ఎర్రగడ్డ ఆస్పత్రి వరకు.. ప్రతి కుటుంబం తెలుసుకోవాల్సిన విషయాలు

బోర్డర్‌లో జవాన్ వీరమరణం పొందితే ఊరంతా కదిలొస్తుంది. జాతీయ జెండా కప్పుతారు, ప్రభుత్వం పరిహారం ప్రకటిస్తుంది. గాయపడితే మిలిటరీ ఆస్పత్రి ఉంటుంది. మరి మనిషి బతికే ఉండి, పరాయి దేశం జైల్లో ఉంటే? ఆ ఇంటికి వెళ్లి ఏమని పలకరించాలో చుట్టాలకు కూడా అర్థం కాదు. అసలు ఇలాంటి టైమ్‌లో కుటుంబానికి ఉండే హక్కులేంటి? డబ్బు సంగతేంటి? ఆ టెన్షన్ తట్టుకోవడం ఎలా? ఒక్కొక్కటిగా చూద్దాం.

విశాఖను కుదిపేసిన ఖతార్ కేసు

తెలుగువాళ్లకు ఈ విషయం దగ్గరగా తెలిసింది 2022లో. ఆ ఏడాది ఆగస్టు 30 రాత్రి ఖతార్ రాజధాని దోహాలో ఎనిమిది మంది భారత నౌకాదళ మాజీ సిబ్బందిని అక్కడి అధికారులు అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో విశాఖపట్నానికి చెందిన కమాండర్ సుగుణాకర్ పాకాల ఒకరు. అందరూ నేవీలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరై, దహ్రా గ్లోబల్ అనే ప్రైవేట్ కంపెనీలో చేరినవాళ్లే.

ఇంట్లో వాళ్లకు అన్నింటికంటే కష్టమైన విషయం ఏంటంటే.. ఎందుకు పట్టుకున్నారో తెలియకపోవడం. అభియోగాలేంటో ఇటు భారత్ గానీ, అటు ఖతార్ గానీ అధికారికంగా బయటపెట్టలేదు. మన ఎంబసీ అధికారులు వాళ్లను కలవడానికే నెల దాటింది. అక్టోబర్‌లో ఆ ఎనిమిది మందిలో ఒకరి సోదరి సోషల్ మీడియాలో పోస్టు పెట్టాకే దేశానికి ఈ సంగతి పెద్దగా తెలిసింది.

2023 మార్చిలో విచారణ మొదలైంది. అక్టోబర్ 26న కింది కోర్టు ఎనిమిది మందికీ మరణశిక్ష వేసింది. భారత విదేశాంగ శాఖ తీవ్ర దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. నాలుగు రోజులకు విదేశాంగ మంత్రి జైశంకర్ ఆ కుటుంబాలను కలిశారు. డిసెంబర్ 1న దుబాయ్ వాతావరణ సదస్సులో ప్రధాని మోదీ, ఖతార్ అమీర్ షేక్ తమీమ్ కలుసుకున్నారు. డిసెంబర్ 28న అప్పీల్ కోర్టు మరణశిక్షను జైలు శిక్షగా తగ్గించింది. 2024 ఫిబ్రవరి 12న ఎనిమిది మందినీ వదిలేసినట్టు భారత్ ప్రకటించింది. అప్పటికి ఏడుగురు ఇండియా చేరుకున్నారు, సుగుణాకర్ కూడా వాళ్లలో ఉన్నారు.

మొత్తం దాదాపు 17 నెలలన్నర. బయటివాళ్లకు ఇది నాలుగైదు బ్రేకింగ్ న్యూస్‌లు. ఆ ఎనిమిది ఇళ్లలో మాత్రం ప్రతి ఫోన్ రింగుకూ గుండె జారిన రోజులు.

‘జైలు’ ఒకటే.. రూల్స్ మాత్రం వేర్వేరు

ఇక్కడ చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతుంటారు. మనిషి ఏ హోదాలో పట్టుబడ్డాడు అన్నదాన్ని బట్టే కుటుంబానికి దారులు తెరుచుకుంటాయి.

మొదటిది యుద్ధ ఖైదీ. 1999 కార్గిల్ యుద్ధంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత నడుపుతున్న మిగ్-27 ఇంజిన్ ఆగిపోయింది. మే 27న ఆయన పారాచూట్‌తో దూకి పాక్ సైన్యానికి చిక్కారు. ఆయన్ను వెతుకుతూ వెళ్లిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ అహూజా ప్రాణాలు కోల్పోయారు. నచికేత జూన్ 3న విడుదలయ్యారు. 2019లో వింగ్ కమాండర్ అభినందన్ ఫిబ్రవరి 27న పట్టుబడి, మార్చి 1 రాత్రికి వాఘా దాటి వచ్చేశారు.

రెండోది పొరపాటున సరిహద్దు దాటడం. 2025 ఏప్రిల్ 23న పంజాబ్‌లోని ఫిరోజ్‌పూర్ దగ్గర బీఎస్ఎఫ్ జవాన్ పూర్ణమ్ కుమార్ షాను పాక్ రేంజర్లు పట్టుకున్నారు. పహల్గాం దాడి జరిగిన మర్నాడే కావడంతో టెన్షన్ ఇంకా పెరిగింది. మధ్యలో ఆపరేషన్ సిందూర్ కూడా జరిగింది. చివరికి మే 14న అట్టారి దగ్గర అప్పగించారు.

మూడోది రిటైరయ్యాక విదేశాల్లో ఉద్యోగం చేస్తూ కేసులో ఇరుక్కోవడం. ఖతార్ కేసు ఇదే. ఇక్కడ చట్టం దృష్టిలో ఆయన మామూలు పౌరుడే. యూనిఫాం రోజుల నాటి రక్షణ ఏదీ పనిచేయదు.

నాలుగోది అన్నింటికన్నా నరకం. అసలు ఉన్నాడో లేడో తెలియకపోవడం. 1965, 1971 యుద్ధాల్లో గల్లంతై పాక్ జైళ్లలో ఉన్నారని భావిస్తున్న ‘మిస్సింగ్ 54’ కుటుంబాల కథ ఇదే. 1983లో ఒకసారి, 2007లో ఇంకోసారి బంధువులు పాకిస్థాన్ వెళ్లి జైళ్లు చూసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చారు.

కుటుంబానికి హక్కులేంటి?

యుద్ధ ఖైదీలకు 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం వర్తిస్తుంది. దాని ప్రకారం ఖైదీ తన పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సర్వీస్ నంబర్ చెబితే చాలు. క్యాంపుకు చేరిన వారంలోపు ఇంటికి కార్డు రాసే అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాయనివ్వాలి. జనం ముందు పెట్టి ప్రదర్శించకూడదు. రెడ్ క్రాస్ ప్రతినిధులు వెళ్లి కలవొచ్చు. యుద్ధం ఆగాక ఆలస్యం చేయకుండా వదిలేయాలి.

విదేశీ కేసుల్లో 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణ కీలకం. పట్టుబడిన మనిషి కోరితే ఆయన దేశపు కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా కబురు పెట్టాలి. కాన్సులర్ అధికారులు జైలుకెళ్లి మాట్లాడొచ్చు, లాయర్‌ను ఏర్పాటు చేయొచ్చు. భారత్, పాక్ మధ్య అయితే 2008 ఒప్పందం ఉంది. ఏటా జనవరి 1న, జులై 1న రెండు దేశాలూ తమ జైళ్లలోని అవతలి దేశం వాళ్ల లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటాయి.

డబ్బు సంగతేంటి?

సర్వీసులో ఉండగా బందీ అయినా, గల్లంతైనా ఆయన జీతభత్యాల్లోంచి కుటుంబానికి ఏర్పాటు చేసే వీలు 1950 నాటి సైనిక చట్టంలోనే ఉంది. దీనికోసం ఆయన యూనిట్‌ను, రికార్డ్ ఆఫీస్‌ను సంప్రదించాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం కూడా కాగితాల పనిలో సాయం చేస్తుంది.

రిటైరై విదేశాల్లో ఉన్నవాళ్ల విషయంలో అలా కాదు. అక్కడి జీతం ఆగిపోవచ్చు, లాయర్ ఖర్చు మొదలవుతుంది. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజులు మాత్రం ఆగవు. బ్యాంక్ అకౌంట్ ఆయన ఒక్కరి పేరునే ఉంటే ఇంకా తలనొప్పి. అందుకే విదేశాలకు వెళ్లే ముందే జాయింట్ అకౌంట్, నామినీ వివరాలు, పాస్‌పోర్ట్, ఉద్యోగ ఒప్పందం కాపీలు ఇంట్లో ఉండేలా చూసుకోవాలి. ఇది అపశకునం కాదు, జాగ్రత్త.

మాట్లాడాలా? మౌనంగా ఉండాలా?

ప్రతి కుటుంబాన్నీ నలిపేసే ప్రశ్న ఇది. మీడియా ముందుకొస్తే ప్రభుత్వం మీద ఒత్తిడి పెరుగుతుంది. కానీ లోపల ఉన్న మనిషికి ఇబ్బంది అవుతుందేమోనని భయం. నోరు మెదపకపోతే అందరూ మర్చిపోతారేమోనని ఇంకో భయం.

వియత్నాం యుద్ధం నాటి అమెరికాలోనూ ఇదే జరిగింది. పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్ 1965లో పట్టుబడ్డారు. బయట మాట్లాడొద్దని అక్కడి ప్రభుత్వం కుటుంబాలకు చెప్పింది. ఆయన భార్య సిబిల్ కొన్నేళ్లు ఆగి, తర్వాత మిగతా ఖైదీల భార్యల్ని కలుపుకుని ఒక సంఘమే పెట్టారు. ఆమె భర్త 1973లో ఇల్లు చేరారు.

ఎప్పుడు మాట్లాడాలన్నది కేసును బట్టి మారుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ వర్తిస్తుంది. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. లాయర్‌కు, ఎంబసీకి చెప్పకుండా కేసు వివరాలు సోషల్ మీడియాలో పెట్టకూడదు.

మనసుకు తగిలే దెబ్బ.. దానికీ ఓ పేరుంది

మనిషి పోయాడంటే ఏడుస్తాం, కర్మకాండలు చేస్తాం. ఉన్నాడంటే ఎదురుచూస్తాం. ఉన్నాడో లేడో, వస్తాడో రాడో తెలియనప్పుడు? పండగ చేసుకోవాలా వద్దా అన్నది కూడా తేలదు. పిల్లలు ‘నాన్న ఎప్పుడొస్తాడు’ అంటే జవాబు ఉండదు. అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్ 1970ల్లో గల్లంతైన పైలట్ల కుటుంబాలతో మాట్లాడి, తేలని ఈ దుఃఖం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. ఇది వాళ్ల బలహీనత కాదు, పరిస్థితే అలాంటిది అన్నది ఆమె చెప్పిన ముఖ్యమైన మాట.

నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం రావడం, తిండి సయించకపోవడం వారాల తరబడి ఉంటే డాక్టర్‌ను కలవాల్సిందే. ఇక్కడే మనవాళ్లు ఆగిపోతారు. హైదరాబాద్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ ఎర్రగడ్డలో ఉంది. కానీ ‘ఎర్రగడ్డ’ అనే మాటనే తిట్టుగా మార్చేశాం. ఫ్రెండ్స్ మధ్య జోకుల్లో, సినిమా కామెడీలో ‘వీడిని ఎర్రగడ్డ పంపాలి’ అనేస్తాం. ఆ జోకులు పుట్టే ఫిల్మ్ నగర్‌కు ఆ ఆస్పత్రి కొన్ని కిలోమీటర్ల దూరమే. ఆ నవ్వుకు భయపడే ఎంతోమంది ఓపీ చీటీ దాకా కూడా వెళ్లరు. సైనిక కుటుంబాల్లో అయితే ‘మనం ధైర్యంగా ఉండాలి’ అనే మాట అదనపు బరువు.

జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్లినట్టే ఇదీ. ఎర్రగడ్డ ఓపీకి వెళ్లినంత మాత్రాన అడ్మిట్ చేసేస్తారన్నది అపోహ. వెళ్లడం కుదరకపోతే 14416 నంబర్‌కు ఫోన్ చేయొచ్చు. ఇది టెలీ మానస్ హెల్ప్‌లైన్.. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. మాజీ సైనికుల కుటుంబాలకు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లు ఉన్నాయి.

వెంటనే చేయాల్సిన పనులు ఇవీ

* సర్వీసులో ఉన్నవారైతే యూనిట్‌కు, రికార్డ్ ఆఫీస్‌కు రాతపూర్వకంగా తెలపాలి.
* విదేశాల్లో అరెస్టయితే అక్కడి భారత ఎంబసీకి మెయిల్ చేసి, విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి.
* ప్రతి ఫోన్ కాల్, ప్రతి అధికారి పేరు, తేదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి.
* డబ్బిస్తే విడిపిస్తామని వచ్చే ఏజెంట్లను నమ్మొద్దు.
* పిల్లలకు వయసుకు తగ్గట్టు నిజమే చెప్పాలి. స్కూల్లో వేరేవాళ్ల నోట వినడం ఇంకా పెద్ద దెబ్బ.

ఇక చుట్టుపక్కల వాళ్ల విషయానికొస్తే.. ‘ఏమైనా తెలిసిందా?’ అని రోజూ అడగడం సాయం కాదు. కరెంట్ బిల్లు కట్టడం, పిల్లాడిని ట్యూషన్ నుంచి తీసుకురావడం, ఓ పూట వండిపెట్టడం.. ఆ ఇంటికి నిజంగా పనికొచ్చేవి ఇవే. మనిషి తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు ప్రశ్నలు వేయకుండా వదిలేయాలి. జైలు గేటు దాటినంత తేలిగ్గా ఆ రోజులు మనసులోంచి బయటకు రావు.