ఒకే పోపు... ఆయనకు పొట్ట, మీకు తుంటి!

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం రాగిసంగటిలోకి శెనిక్కాయల ఊరిబిండి. కర్నూలు, కడప వైపు చాలా ఇళ్ళలో ఆలుమగలు తినేది ఒకే వంట. అయినా పదేళ్ళు తిరిగేసరికి ఆయనకు పొట్ట దగ్గర చొక్కా గుండీలు పట్టవు. ఆమెకేమో తుంటి, తొడలు లావవుతాయి. "నేను తినేదే రోంత, ఒళ్ళు మాత్రం ఎట్ల వస్తాండాదో సూడు వదినా!" అని వాపోయే ఇల్లాళ్ళు ఎందరో. ఇందులో తిండి పాత్ర ఎంతో, ఒంటి తత్వం పాత్రా అంతే ఉంది.

నూనె ఎవరు తిన్నా గ్రాముకు 9 కాలరీలే. ఖర్చు కాకుండా మిగిలింది కొవ్వుగా మారుతుంది. అయితే దాన్ని ఎక్కడ దాచాలో చెప్పడంలో హార్మోన్లది పెద్ద పాత్ర. ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ వల్ల కొవ్వు ఎక్కువగా చర్మం కింద, తుంటి, తొడల దగ్గర చేరుతుంది. మగవాళ్ళలో పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకుంటుంది.

ఇది కరువు కాలానికని గాదెలో కొర్రలు దాచుకున్నట్టే. కడుపులో బిడ్డను మోయాలి, పాలివ్వాలి. బాలింతకు మొదటి ఆరు నెలలు రోజుకు దాదాపు 600 కాలరీలు అదనంగా కావాలి. అందుకే ఆడవాళ్ళ ఒంట్లో కొవ్వు వాటా మగవాళ్ళకన్నా ఎక్కువ. అది జబ్బు కాదు.

పైగా తొడల దగ్గరి కొవ్వు అంత చెరుపు చేయదు. చేటు చేసేది పొట్ట లోపలి కొవ్వే. షుగరుకు, బీపీకి, గుండెజబ్బుకు అది దారి తీస్తుంది. కాబట్టి ఆయన బొజ్జను చూసి నవ్వి ఊరుకోకండి.

అలాగని మనం నిశ్చింతగా ఉండటానికీ లేదు. ముట్లు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. అప్పటి నుంచి మనకూ కొవ్వు పొట్టకే చేరుతుంది. నిన్నటిదాకా సరిపోయిన జాకెట్టు నడుం దగ్గర బిగుతైతే అది హెచ్చరికే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో మూడోవంతుకు పైగా అధిక బరువుతో ఉన్నారు.

మరి ఏం చేయాలి?

* కుట్టుమిషను దగ్గరి టేపు తీయండి. నడుం కొలత మీకు 80 సెంటీమీటర్లు, ఆయనకు 90 దాటకూడదు. తూకం కన్నా ఈ కొలతే ముందు చెబుతుంది.

* నూనె సీసా వంచి పోయకండి, చెంచాతో కొలవండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్కలో, కూర్చుని పని చేసే ఆడవాళ్ళకు రోజుకు 20 గ్రాములు, మగవాళ్ళకు 25 గ్రాములు చాలు. అంటే ఇద్దరికీ నెలకు సుమారు లీటరున్నర. చేలో కాయకష్టం చేసేవాళ్ళకు ఇంకొంచెం కావాలి. నెయ్యి, వనస్పతి కూడా ఈ లెక్కలోవే.

* శెనగవిత్తనాల్లో దాదాపు సగం నూనే. బలమైన తిండే, మానక్కర్లేదు. ఊరిబిండి చేసిన పూట బజ్జీలు వద్దనుకుంటే చాలు.

* ఒళ్ళు తగ్గాలని పస్తులుండకండి. అందరూ తిన్నాక అడుగూబొడుగూ, పిల్లలు వదిలేసిన బజ్జీలూ "పారేయడమెందుకు" అని నోట్లో వేసుకోవడం కూడా మానండి. వేళకు కూర్చుని సంగటి, పప్పు, ఆకుకూర కడుపునిండా తినండి.

* సాయంత్రం ఎండ తగ్గాక అరగంట నడవండి. ఆయన్నీ వెంట తీసుకెళ్ళండి.

తుంటి కాస్త లావుందని అద్దం ముందు కుమిలిపోవద్దు. నడుం మీద కన్నేసి ఉంచండి, మీదీ, ఆయనదీ. పోపుగరిటె మీ చేతిలోనే ఉంది కదా!