పెరట్లో కయోటీ, మెడలో రేడియో

పోయినేడాది వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి ఆరు నెలలకని వచ్చింది. మేముండేది షికాగోకి వాయవ్యాన, షాంబర్గ్ దగ్గర. వచ్చిన వారానికే అమ్మకో నేస్తం దొరికింది. "పాపం, బక్కచిక్కిన కుక్కరా! సాయంత్రమయ్యేసరికి కంచె దగ్గరికొచ్చి నిలబడుతోంది. మిగిలిన పెరుగన్నం పెడుతున్నాను" అంది. నేను క్లయింటుతో కాల్‌లో ఉండి "ఊఁ" అన్నాను. మా పేటలో వీధికుక్కలే ఉండవన్న సంగతి అప్పుడు బుర్రకి తట్టలేదు.

నాలుగు రోజుల తరవాత నా కళ్ళతో చూశాను. బూడిదా గోధుమా కలిసిన బొచ్చు, నిక్కబొడిచిన చెవులు, కిందికి వాలిన గుబురు తోక. దానికి ముప్ఫై అడుగుల దూరంలో మా అయిదేళ్ళ అమ్మాయి ఉయ్యాల ఊగుతోంది. నన్ను చూసి కూడా అది పారిపోలేదు. గిన్నె వంకే చూస్తోంది.

అది కుక్క కాదు, కయోటీ. మన ఊరి నక్క కంటే పెద్దది, తోడేలు కంటే చిన్నది. ఒకప్పుడు పడమటి మైదానాలలో, ఎడారులలో తిరిగేది. మనుషులు తోడేళ్ళని చాలా చోట్ల తుడిచిపెట్టేశాక ఖాళీ అయిన చోటులోకి విస్తరించి, ఇవాళ హవాయి తప్ప అన్ని రాష్ట్రాలలోనూ ఉంది. ఊళ్ళలోకి కూడా వచ్చేసింది. 2007 ఏప్రిల్లో షికాగో నడిబొడ్డున ఒక కయోటీ పట్టపగలు శాండ్‌విచ్ దుకాణంలోకి నడిచి వచ్చి, కూల్ డ్రింకుల ఫ్రిజ్‌లో ఎక్కి పడుకుంది!

నాకు మొదట వచ్చిన ఆలోచన మీకూ వచ్చేదే: ఎవరినైనా పిలిచి పట్టించేద్దాం. ఆ రాత్రి వివరాల కోసం వెతుకుతుంటే, ఈ జంతువు గురించి జరిగిన అతి పెద్ద పరిశోధనలలో ఒకటి మా కుక్ కౌంటీలోనే నడుస్తోందని తెలిసింది. ఈ శీర్షికకి పనికొచ్చే సాంకేతిక విషయం కూడా అందులోనే ఉంది.

కనబడని జంతువుని వెతకడం ఎలా?

ఓహయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టాన్లీ గెర్ట్ బృందం 2000లో ఈ పని మొదలుపెట్టింది. కయోటీని పట్టి, మత్తు ఇచ్చి, మెడకి రేడియో పట్టీ కట్టి, పట్టిన చోటే వదిలేస్తారు. ఒక్కొక్క పట్టీ ఒక్కొక్క ఫ్రీక్వెన్సీలో "టిక్ టిక్" మని సంకేతం పంపుతుంది. పరిశోధకులు రాత్రంతా కారు మీద యాంటెనా పెట్టుకుని తిరుగుతారు. ఒక చోట ఆగి, సంకేతం ఏ దిక్కు నుంచి గట్టిగా వస్తోందో చూసి మ్యాపు మీద గీత గీస్తారు. ఇంకో చోటుకి పోయి ఇంకో గీత. రెండు గీతలూ కలిసిన చోట కయోటీ ఉన్నట్టు. మూడో గీత గీస్తే తప్పు ఎంతో కూడా తెలుస్తుంది. మనం పదో తరగతిలో తిట్టుకుంటూ చదివిన త్రికోణమితి అంతా ఇదే.

తరవాత జీపీఎస్ పట్టీలు వచ్చాయి. రాత్రంతా తిరిగే పని తగ్గింది గానీ, మనకి తెలిసిన తంటానే వచ్చిపడింది: బ్యాటరీ. పదిహేను నిమిషాలకొకసారి చోటు నమోదు చేస్తే దారి చక్కగా కనబడుతుంది, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. కొన్ని గంటలకొకసారి చేస్తే పట్టీ ఎక్కువ కాలం పనిచేస్తుంది, మధ్యలో కయోటీ ఏం చేసిందో తెలియదు. బ్యాటరీ పెద్దది పెడదామంటే మోసే ప్రాణి మామూలుగా పదిహేను కిలోలు కూడా తూగదు.

లెక్కలు ఏం చెప్పాయి?

2000 నుంచి 2006 దాకా 181 కయోటీలని ఇలా వెంబడించారు. స్థిరపడ్డ వాటి ఇలాకా సగటున 5 చదరపు కిలోమీటర్లు. ఇలాకా లేని ఒంటరి కయోటీలు సగటున 27 చదరపు కిలోమీటర్లలో తిరుగుతూ, ఎక్కడ ఖాళీ దొరుకుతుందా అని చూస్తుంటాయి. నగరంలో బతికేవి తమ ఇలాకాలోనే మనుషులు మసలే చోట్లని తప్పించుకుంటూ, రాత్రిళ్ళు ఎక్కువగా తిరుగుతున్నాయి. అంటే మనం చూసినా చూడకపోయినా అవి ఉన్నాయి. మన కంట పడకుండా ఉండడమే వాటి తెలివి.

మరి తినేదేమిటి? 1,400 పైచిలుకు పెంటికలు పోగుచేసి చూస్తే 42 శాతంలో ఎలుకజాతి, 23 శాతంలో పళ్ళు, 22 శాతంలో జింక, 18 శాతంలో కుందేలు కనిపించాయి. (ఒకే దానిలో రెండు మూడు రకాలు ఉండొచ్చు కాబట్టి మొత్తం నూరు దాటుతుంది.) పిల్లుల ఆనవాళ్ళు నూటికి ఒకటి చొప్పున.

ఇక్కడే నా పథకం బెడిసికొట్టింది. పట్టిస్తే ఏమవుతుంది? ఇలా పట్టిన కయోటీని అడవిలో వదిలేస్తారని అనుకుంటాం గానీ, మామూలుగా చంపేస్తారు. ఖాళీ అయిన ఇలాకాలోకి కాచుకున్న ఒంటరిది ఇంకొకటి వస్తుంది. మా పెరట్లో గిన్నె అలాగే ఉంటే దానికీ అదే అలవాటవుతుంది. తప్పు డేటాతో తర్ఫీదు ఇచ్చి, మోడల్ని తిట్టుకున్నట్టు!

భయపడనక్కరలేదా అంటే, కొంత అక్కరే. 1960 నుంచి 2006 దాకా అమెరికా, కెనడాలలో 142 దాడులు నమోదయ్యాయి. పసిపిల్లల మీద జరిగినవి అందులో ఉన్నాయి. ప్రాణాలు పోయినట్టు నమోదైనవి రెండే: 1981లో కాలిఫోర్నియాలో ఒక పసిపాప, 2009లో కెనడాలో ఒక యువ గాయని. కొన్ని దాడులలో ఆ చుట్టుపక్కల మనుషులు తిండి పెట్టిన దాఖలాలున్నాయి. పెంపుడు కుక్కలు కరిచే లెక్కల ముందు ఇది ఎంతో తక్కువ. కానీ తిండి పెడితే అది పోగొట్టుకునేది మనిషంటే ఉన్న భయాన్ని. దానినీ మననీ కాపాడుతున్నది ఆ భయమే.

ఇదంతా అమ్మకి చెప్పడం నాకు కష్టమైంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని చిరుత పొట్టన పెట్టుకున్న వార్త గుర్తుచేశాను. చిరుత వేరు, కయోటీ వేరు. అయినా అమ్మ మనవరాలి వంక చూసి చాలాసేపు మాట్లాడలేదు. "అన్నం పెట్టిన చేత్తోనే తరమాలా?" అంది చివరికి.

తరమాలి. మీ పెరట్లోకి వస్తే మీరూ ఇవి చేయండి:

వెనుదిరిగి పరుగెత్తకండి. పసిపిల్లల్ని ఎత్తుకోండి. చేతులు పైకెత్తి, గట్టిగా అరిచి, అది వెళ్ళేదాకా దాని వైపే చూడండి. చెత్తడబ్బా మూత బిగించండి. రాలిన పళ్ళు, పక్షుల గింజలు, పిల్లి తిండి బయట వదలకండి. చిన్న కుక్కని సాయంత్రం తాడు లేకుండా వదలకండి. వసంతంలో పిల్లలున్న బొరియ కనిపిస్తే దూరంగా తప్పుకోండి. అది బెదరకుండా మనుషుల మీదికి వస్తుంటే మాత్రం మీ ఊరి జంతు విభాగానికి వెంటనే చెప్పండి.

మరునాడు సాయంత్రం అది వచ్చింది. గిన్నె లేదు. అమ్మ స్టీలు పళ్ళెం మీద గరిటెతో వాయిస్తూ, తెనాలిలో కోతుల్ని అదిలించే కేకే వేసింది. అది రెండడుగులు వెనక్కి వేసి, అమ్మ వంకే చూస్తూ నిలబడింది. పళ్ళెం ఇంకా గట్టిగా మోగాక కంచె దాటి పోయింది. అలా ఆరు సాయంత్రాలు. ఏడో రోజు రాలేదు.

అమ్మ మాత్రం తిరిగి వెళ్ళేదాకా, అన్నం తినే ముందు ఒకసారి కిటికీలోంచి కంచె వైపు చూస్తూనే ఉంది.