అంచుమీది అక్షరాలు

1914-18 మహాసంగ్రామంలో సేవచేసిన సైనికులకు బ్రిటిష్ ప్రభుత్వం వెండి పతకాలను బహూకరించినది. ప్రతి పతకపు అంచున గ్రహీత పేరు ముద్రితమై ఉండును. 1980 జనవరిలో వెండి ధర ఔన్సుకు 50 డాలర్లను సమీపించినపుడు, సేకరణకర్తలు ఇచ్చే వెలకన్న కరిగిస్తే వచ్చే సొమ్మే మిన్న అయినది. ఎన్నో పతకాలు మూసలో పడినవి; వాటితోపాటు పేర్లును కరిగిపోయినవి.

విక్టోరియా క్రాస్ సంగతి వేరు. అది వట్టి కంచు. లోహంగా దాని విలువ స్వల్పం. అయినను, 1945లో సింగపూర్ చెంత నీటి అడుగున ఈది శత్రునౌకకు పేలుడు మైన్లు తగిలించిన జేమ్స్ మగెన్నిస్ పతకం 1986 వేలంలో 29,000 పౌండ్లు పలికినది. అక్కడ వెల కంచుకు కాదు, సాహసానికి.

కావున పతకం అమ్మదలచినవారు మెరుగు పేరిట అంచును అరగదీయరాదు. జతగా వచ్చిన ఉత్తరాలను విడదీయరాదు. పేరు చెరిగిన పతకానికి మిగిలేది తూకమే.