ఎండలో పాడు యంత్రము

రియాదు నగరమున వేసవి మధ్యాహ్నములందు ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుట వింత కాదు. పైనుండి సూర్యుడును, క్రిందినుండి ఇంజనును కాల్చుచుండగా, పెద్ద మోటారు సైకిలుకు గాలి తగులకుండ ముందుభాగమున బిగించు ఫెయిరింగు లోపలి యిరుకు జాగాలో ఆంప్లిఫయరు నమర్చ దలచినవాడు మొట్టమొదట విచారింపవలసినది అది యెంత బిగ్గరగా పాడునని కాదు, పాడుచు నెంత వేడెక్కునని. ఈ యంత్రము చరిత్రలో పెద్దభాగము వేడితో సాగిన పోరాటమే.

1906లో అమెరికనుడైన లీ డి ఫారెస్ట్ నిర్మించిన ఆడియాన్ అను గాజుబుడ్డి క్షీణమైన విద్యుత్సంకేతమును పెంచుటకు దారి తీసెను గాని, దాని లోపలి తీగ కాలుచుండిననే గాని పని జరుగదు. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు జనించిన ట్రాన్సిస్టరు ఆ తీగను తొలగించెను. అయినను దానిని సగము తెరచి, సగము మూసి నడపు పాతపద్ధతిలో బ్యాటరీ శక్తిలో చాల భాగము వ్యర్థమయ్యెడిది. ఏలయన, వేడి యనునది ట్రాన్సిస్టరు కొసల మధ్య నిలుచు వోల్టేజికిని, దాని గుండ పాఱు కరెంటుకును గుణకారఫలము. పూర్తిగా తెరచినచో వోల్టేజి దాదాపు శూన్యము. పూర్తిగా మూసినచో కరెంటు శూన్యము. కావున సెకనుకు లక్షలసార్లు తెరచుచు మూయుచు, తెరచియుంచు వ్యవధిని ధ్వనితరంగమున కనుగుణముగా హెచ్చించుచు తగ్గించుచు, పిదప తీగచుట్టతోను కెపాసిటరుతోను ఆ తునుకలను వడగట్టి నున్నని తరంగముగా స్పీకరునకు పంపుటయే డి-తరగతి ఆంప్లిఫయరు సూత్రము.

1964లో ఇంగ్లండున క్లైవ్ సింక్లెయిర్ ఈ పద్ధతిని ఎక్స్-10 అను పేర విక్రయింప జూచెను గాని, నాటి ట్రాన్సిస్టరుల కంత వేగము లేకపోవుటచే అది ప్రకటించిన 10 వాట్లకు చాల దూరమున నిలిచిపోయెను. ఆ కొఱతను కాలక్రమమున తీర్చినది మాస్‌ఫెట్ అను మఱియొక రకపు ట్రాన్సిస్టరు. డావన్ కాంగ్‌తో కలిసి 1959లో దానిని రూపొందించిన మొహమ్మద్ అటల్లా, సూయజ్ కాలువ ఉత్తరముఖముననున్న పోర్ట్ సయీదున జన్మించినవాడు. ఆ కాలువ దక్షిణపు కొస ఎఱ్ఱసముద్రమున కలియును, ఆ సముద్రతీరముననే జిద్దా కలదు. అచటి కార్నిష్ అను తీరపుబాటపై పాటలు మ్రోగించుచు సాగు సవారులలో ఈ చుట్టఱిక మెందఱెఱుగుదురో!

100 వాట్ల ధ్వనిశక్తి నిచ్చుటకు, 60 శాతము సామర్థ్యముగల పాత తరగతి యంత్రము సుమారు 67 వాట్లను వేడిగా విసర్జించును. 90 శాతముగల డి-తరగతి యంత్రము 11 వాట్లతో సరిపుచ్చును. ఫెయిరింగు లోపల ఎంపిక ఇచ్చటనే ముగిసినది.

ఇక పెట్టెమీద ముద్రించిన వాట్ల సంగతి. ఇంజను నడుచునపుడు బ్యాటరీ వోల్టేజి 14 ప్రాంతమున నుండును. ఆ వోల్టేజితో, స్పీకరు రెండు కొసలను ఎదురెదురుగా నడపు బ్రిడ్జి పద్ధతిలో కలిపినను, 4 ఓముల స్పీకరునకు ఉజ్జాయింపుగా 25 వాట్లకు మించి స్వచ్ఛముగా అందవు, 2 ఓములదైనచో దానికి రెట్టింపు. అంతకు మించవలెనన్న లోపల వోల్టేజిని పెంచు మఱియొక వలయ ముండవలెను. నేను పెట్టెకంటె ఫ్యూజును నమ్ముదును: 15 ఆంపియర్ల ఫ్యూజుగల యంత్రము నిలకడగా 210 వాట్లకంటె ఎక్కువ తీసికొనజాలదు, అట్టిది 500 వాట్ల నిచ్చుననుట బేరగాని మాట. "ఆర్.ఎమ్.ఎస్." అని, అనగా నిలకడగా నిచ్చు శక్తి యని, వ్రాసిన అంకెయే లెక్కింపదగినది.

తాయిఫునకు పోవు అల్-హదా కనుమదారి మలుపులలో వేగము తక్కువ, గాలిరొదయు తక్కువ. ఎడారిలోని తిన్నని రహదారిపై ఆ రొదయే పాటను మ్రింగును. అపుడు వాట్లను రెట్టింపు చేసినను పెరుగునది 3 డెసిబెల్లే. చెవికి రెట్టింపుగా తోచుటకు 10 రెట్లు శక్తి కావలెను. అదే 3 డెసిబెల్ల సున్నితత్వము అధికముగాగల స్పీకరును కొన్నచో, చిన్న ఆంప్లిఫయరే చాలును, ఆల్టర్నేటరుపై బరువును పెరుగదు.

ఆంప్లిఫయరును బిగించునపుడు ప్లాస్టిక్ తొడుగునకు గాక లోహపు పట్టీకి అంటించవలెను, వేడి దానిగుండ జాఱిపోవును. గాలి కొఱకని రంధ్రములుగల పెట్టెను కొనరాదు, ఇసుక ఆ రంధ్రములనుండియే లోపల ప్రవేశించును.